దాలయ్య చేతులు

దాలయ్య ఎడమచేతిని కొడల అనే ఊళ్లో విరిచారు. తొంభై ఆరులో, వినాయకుడి పందిరి ముందు, స్టేజీ మీద, మూడొందలమంది చూస్తుండగా. విరిచినవాడి పేరు బబ్లూ. ఆ ఊళ్లో బ్రాందీషాపు అతనిదే, ఆ ఏడు పందిరి ఖర్చూ అతనిదే. నేను డ్రమ్ముల వెనక కూచుని ఉన్నాను. వాళ్లకీ నాకూ మధ్య నాలుగడుగుల దూరం.

మా వైపు పాటల బృందాన్ని మెలోడీ అంటారు. మాది సోనేపూర్ మెలోడీ. సినిమా పాటలే మాకు తిండి పెట్టేవి. కానీ ప్రతి ప్రోగ్రాంలోనూ దాలయ్య ఒక పది నిమిషాలు తనకోసం ఉంచుకునేవాడు. గాయకులు మంచినీళ్లకి దిగిపోయేవారు, ఆయన గిటారు పక్కన పెట్టి వయొలిన్ తీసేవాడు. జాజ్ అనే మాట ఒడిశాలోని మా గంజాం జిల్లాలో ఎవరికీ తెలీదు, ఆయన చెప్పేవాడూ కాదు. ఒక చిన్న పాటని అందరం కలిసి మొదలెట్టేవాళ్లం. తర్వాత ఆయన దాన్ని వదిలేసి అప్పటికప్పుడు బుర్రలో పుట్టిన దారిన వెళ్లిపోయేవాడు. నేను డ్రమ్ములతో వెంటపడేవాణ్ణి. ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ ఆ చిన్న పాటలోకొచ్చి పడేవాళ్లం. జనం సగంమంది లేచిపోయేవారు. ఉన్న సగం మాత్రం కదిలేవారు కాదు.

ఆరోజు సాయంత్రం మూడో నిమిషంలోనే బబ్లూ ముందు వరసలోంచి లేచి, ఈ ఏడుపు ఆపి డాన్సు పాట వెయ్యమన్నాడు. దాలయ్య కళ్లు తెరవకుండానే, ఇది అవగానే వేస్తానన్నట్టు తలూపాడు. రెండోసారి అరిచినా ఆపలేదు. మూడోసారి అరవలేదు, ఎక్కేశాడు. ఇద్దరు మనుషులు వెనకనుంచి దాలయ్యని పట్టుకున్నారు. వయొలిన్ కిందపడింది, ఎవడి చెప్పుకిందో విరిగింది. బబ్లూ ఆయన ఎడమచేతిని స్పీకరు పెట్టెమీద పరిచి, మైకుస్టాండు తిరగేసి దాని ఇనపదిమ్మతో కొట్టాడు. మూడు దెబ్బలు. మొదటి దెబ్బకి దాలయ్య అరిచాడు. రెండోదానికి మోకాళ్లమీద పడ్డాడు. మూడోదానికి చప్పుడు లేదు. చిటికెనవేలూ ఉంగరంవేలూ రొయ్యల్లా చితికిపోయాయి.

నా చేతుల్లో పుల్లలు అలాగే ఉన్నాయి. నేను లేవలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, అంతా చిటికెలో జరిగిపోయిందంటాను. చిటికెలో జరగలేదు.

దాలయ్య ఎవరో చెప్పాలి. బాహుదా నది సముద్రంలో కలిసేచోట సోనేపూర్ ఉంది. అక్కడి జాలరి మసేను పెద్దకొడుకు. తల్లి బరంపురం గేట్ బజార్‌కి ఎండుచేపలు తెచ్చేది, పదేళ్ల దాలయ్య బుట్ట మోసేవాడు. ఆ బజార్లోనే మా నాన్న మిరపకాయల కొట్టు, దాని వెనక సందులో రామచంద్రరావు గారని రైల్వేలో పనిచేసిన ఆయన పిల్లలకి వయొలిన్ నేర్పేవారు. కుర్రాడు రోజూ బుట్ట దించి ఆ కిటికీ కింద నిలబడేవాడట. రావుగారి ఇంట్లోవాళ్లు కంపు అన్నారు. ఆయన కోపగించుకుని, పెరట్లో కూచోబెట్టి ఏడేళ్లు నేర్పారు, తన పాత వయొలిన్ కూడా ఇచ్చేశారు. మసేనుకి అది తెలిసిన రోజున కొడుకుని పడవ తాడుతో కట్టి తెడ్డుతో కొట్టాడు. వయొలిన్‌ని నది మొగలోకి విసిరేశాడు. అది కాసేపు తేలిందనీ, దానికోసం ఈదబోతే తండ్రి జుట్టుపట్టి వెనక్కి లాగాడనీ దాలయ్య నాకు చెప్పాడు. ఆ వారమే కలకత్తా రైలెక్కాడు. అప్పటికి పదిహేడేళ్లు.

కలకత్తాలో పదమూడేళ్లు హోటళ్లలో వాయించాడు. ఒక గోవా ముసలాయన ఆయనకి గిటారూ జాజూ నేర్పాడు. రావుగారి దగ్గర నేర్చుకున్న స్వరకల్పన అక్కడ పనికొచ్చింది, పాటని విప్పి మళ్లీ కట్టడం కొత్తగా నేర్చుకోనక్కర్లేకపోయింది. అక్కడా దెబ్బలు తప్పలేదు. ఒక తాగుబోతు పగిలిన గ్లాసుతో గొంతుకింద కోశాడు. ఆ గాటు మానాక దానిమీదే వయొలిన్ ఆనించేవాడు. తర్వాత తర్వాత హోటళ్లవాళ్లు బ్యాండ్లు మానేసి టేపులు పెట్టుకున్నారు. ఎనభై నాలుగులో వెనక్కి వచ్చి, సీతాలుని పెళ్లిచేసుకుని, మెలోడీ పెట్టాడు. నేను మిరపకాయల కొట్టువాడి కొడుకుని, బస్తాలమీద తాళం వేస్తూ పెరిగినవాణ్ణి. డ్రమ్ములు నేర్పింది ఆయనే. నాకు అన్న లేడు. ఆయన్నే అన్నా అని పిలిచేవాణ్ణి.

బరంపురం ఆసుపత్రిలో రెండువేళ్లూ తీసేశారు. పోలీసులు కేసు రాయలేదు. స్టేజీమీద తొక్కిసలాటలో చెయ్యి నలిగిందని కాగితంమీద పెట్టారు. దాలయ్య తమ్ముడు నరసన్న మంచం పక్కన నిలబడి అంతా విన్నాడు. బయటికొచ్చాక నాతో, అక్టోబరు రెండున బ్రాందీషాపులు మూస్తారు, లోపల ఎవ్వరుండరు, తగలెట్టీదాం అన్నాడు. మెలోడీ వాను నా పేరుమీద ఉంది. నాలుగడుగుల దూరంలో కూచుండిపోయినవాణ్ణి, కాదనడానికి నాకు మొహం లేదు.

మధ్యాహ్నం మూడింటికి కొడల చేరాం. నరసన్నా మరో నలుగురూ ముందువైపు షట్టరు పైకెత్తి కిరసనాయిలు పోశారు. ఊళ్లోవాళ్లు వెనకనుంచి చొరబడి ఆర్పకుండా చూడమని నన్ను వెనక తలుపు దగ్గరికి పంపారు. నేను ఆ తలుపుకి బయటి గొళ్లెం పెట్టి, అందులో కర్రముక్క దోపాను.

మంట అంటుకున్నాక సీసాలు పేలడం మొదలెట్టాయి. కాసేపటికి తలుపుమీద చప్పుడు. అది కూడా సీసాలే అనుకున్నాను. అనుకున్నాను అని ఏళ్లతరబడి చెప్పుకున్నాను. నేను డ్రమ్మరుని. సీసాలు పేలితే లెక్క ఉండదు. అరచేత్తో కొడితే ఒక చప్పుడు, పిడికిలితో కొడితే ఇంకొకటి, భుజంతో గుద్దితే ఇంకొకటి. అవన్నీ నాకు తెలుసు. మొదట పిడికిళ్లు, తర్వాత భుజం, చివర అరచేతులు. నరసన్న వాన్ ఎక్కమని అరుస్తున్నాడు. కర్ర తియ్యడానికి చెయ్యి వేశాను, గొళ్లెం కాలుతోంది. చెయ్యి వెనక్కి తీసుకుని పరిగెత్తాను.

చచ్చిపోయినవాడు బబ్లూ మనిషి అని చెప్పుకోడానికి కూడా లేదు. సింహాచలమని ఒక జాలరి. తుపానులో పడవ పోయి, సముద్రం మానేసి, షాపుకి కాపలా చేరాడు. సెలవురోజు కదాని వెనకగదిలో పడుకున్నాడు.

నరసన్న మర్నాడే దొరికిపోయాడు. తలుపుకి గొళ్లెం పెట్టింది కూడా తనేనని కోర్టులో ఒప్పుకున్నాడు. నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆరోజుల్లో నేను ఆలోచించలేదు, చెప్పలేదు అంతే చాలనుకున్నాను. అతనికి పదేళ్ల శిక్ష పడింది. బబ్లూ వేరేచోట ఇంకో షాపు తెరిచాడు.

చేతికట్టు విప్పకముందే దాలయ్య కొడల వెళ్లాడు. వద్దన్నా వినలేదు. సింహాచలం పెళ్లాం ఉమాదేవి వాకిట్లో ఆయన్ని చూడగానే రాయి తీసి విసిరింది. నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారింది. ఆయన తుడుచుకోలేదు, కదల్లేదు. ఆమె ఇంకో రాయి తీసింది, ఇంకోటి తీసింది. చేతులు నొప్పెట్టేదాకా కొట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. గుమ్మంలో ఆరేళ్ల ఆడపిల్ల నిలబడి చూస్తోంది. ఆయన అలాగే నెత్తుటితో తిరిగొచ్చాడు. వాన్ నడిపింది నేనే. స్టీరింగు మీద నా అరచేతికి కట్టు ఉంది. స్టవ్ అంటుకుందని చెప్పాను.

తర్వాత ఏడాదిదాకా దాలయ్య ఏమీ వాయించలేదు. సీతాలు చేపలమ్మి ఇల్లు నడిపింది. ఒకరోజు గిటారు తీసి, మిగిలిన రెండువేళ్లతోనూ బొటనవేలితోనూ పట్టులు వెతకడం మొదలెట్టాడు. నాలుగు తీగలమీద పట్టాల్సింది రెంటిమీద పట్టి, మిగతావి వినేవాడికే వదిలేసేవాడు. దానివల్ల ఆయన వాయిద్యం పల్చబడింది, కానీ ప్రతి స్వరం మేకు దిగినట్టుండేది. గోపాల్‌పూర్ బీచి హోటల్లో మాకు శనివారాలు ఇచ్చారు. భువనేశ్వర్ నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు రికార్డు చేసుకుని వెళ్లారు. దాన్ని విని కలకత్తావాళ్లు పిలిచారు, బెంగుళూరువాళ్లు పిలిచారు. రెండువేళ్ల గిటారాయన అని పేపర్లో రాశారు. అది చదివితే ఆయనకి ఒళ్లు మండేది.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఇంటి వెనక వలలు పెట్టుకునే పాకలో ఆయన మళ్లీ వయొలిన్ పట్టాడు. తిరగేసి పట్టాడు. అవిటి ఎడమచేత్తో కమాను పట్టి, కుడిచేతి వేళ్లు తీగలమీద. తీగలన్నీ అటుదిటు మార్చుకున్నాడు. కలకత్తాలో ఒక పనివాడి చేత వయొలిన్ లోపలి చెక్కలు కూడా మార్పించాడు. నలభై అయిదేళ్ల వయసులో పసిపిల్లాడిలా సరళీస్వరాల దగ్గర మొదలెట్టాడు. పిల్లి పీక నొక్కినట్టుంది అని సీతాలు నవ్వేది. ఎనిమిదేళ్లు పట్టింది. రెండువేల అయిదులో గోపాల్‌పూర్‌లో మొదటిసారి బయట వాయించాడు. నేను వెనక డ్రమ్ములమీద ఉన్నాను. ఆయన పాటని వదిలి తన దారిన వెళ్లిపోతుంటే, వెంటపడటం మర్చిపోయి పుల్లలు పట్టుకుని విన్నాను. ఆ తర్వాతి రెండేళ్లూ ఆయన వాయించిన వయొలిన్ లాంటిది నేను మళ్లీ వినలేదు.

రెండేళ్లే. నరసన్న జైలునుంచి ఊపిరితిత్తులు పాడైపోయి తిరిగొచ్చాడు. రెండువేల ఏడు వేసవిలో పోయాడు. పోయేముందు అన్నని దగ్గరికి పిలిచి గొళ్లెం సంగతి చెప్పాడు.

పదకొండో రోజు కర్మ అయ్యాక దాలయ్య మా ప్రాక్టీసు గదికి వచ్చాడు. గేట్ బజార్‌లో మా గిడ్డంగి పైన ఉండేది అది. పొద్దున్న పది గంటలు, కింద కళాసీలు బస్తాలు దించుతున్నారు. తలుపు వేసి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ తలుపు గొళ్లెం ఎవుడు ఎట్టాడురా?"

నా అరచేతివేపు చూశాడు. పదకొండేళ్లుగా ఆ మచ్చ ఆయన ముందే ఉంది.

"నోపల మనిసున్నాడని నీకు తెలుసా?"

"కొడతన్నాడన్నా," అన్నాను. "ఇన్నాను."

ఆయన నన్ను కుడిచేత్తో కొట్టాడు. సముద్రంమీద పెరిగిన చెయ్యి. మొదటి గుద్దుకే దవడ విరిగింది, ఆ చప్పుడు నా చెవిలోపలినుంచి వినిపించింది. పడితే జుట్టుపట్టి లేపి మళ్లీ కొట్టాడు. సింబల్ స్టాండు నామీద పడింది. పళ్లు గొంతులోకి పోతుంటే ఉమ్మాను. ఆయన ఏడవట్లేదు, తిట్టట్లేదు, ఊపిరి మాత్రం బుస్సుమంటోంది. తల తప్పించుకున్నానో, నా ప్రమేయం లేకుండా అదే పక్కకి వాలిందో తెలీదు. ఆఖరి గుద్దు నన్ను దాటి ఇటుకగోడకి తగిలింది.

అప్పుడు ఆగాడు. చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. నాలుగు వేళ్ల కణుపులూ లోపలికి పోయి ఉన్నాయి. గోడకి ఆనుకుని నా పక్కనే జారి కూచున్నాడు. ఇద్దరం నెత్తుట్లో కూచున్నాం. కింద కళాసీలు లెక్క పాడుకుంటున్నారు.

"బబ్లూ ఒకటి ఇరిసాడు," అన్నాడు. "రెండోది నానే ఇరుసుకున్నాను."

కుడిచేతికి మూడు ఆపరేషన్లు చేశారు. గిటారు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క పట్టుకోడానికి పనికొచ్చింది. తీగలమీద పరిగెత్తడానికి ఆ వేళ్లు మళ్లీ వంగలేదు. వయొలిన్ అక్కడితో అయిపోయింది. యాభై నాలుగేళ్లు ఆయనకి అప్పుడు.

ఆరునెలలయ్యాక, నా దవడకి వేసిన తీగలు తీశాక, ఆయన మా కొట్టుకి వచ్చి రేపట్నుంచి ప్రాక్టీసుకి రమ్మన్నాడు. పోలీసులకి పట్టిస్తావేమో అనుకున్నానన్నాను. నా చెయ్యి కోసమే కదా మీరు వెళ్లారు, నిన్ను పట్టించడానికి నేనెవర్ని అన్నాడు. ఆ నిజం వినాల్సినవాళ్లు కొడలలో ఉన్నారనీ, అది నా నోటితోనే జరగాలనీ అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పదహారేళ్లు ఆయన వెనక కూచుని వాయించాను. ప్రతి ప్రోగ్రాం అయ్యాక ఒక్కసారి నావేపు చూసేవాడు. నేను సింబల్స్ విప్పుకుంటూ తల వంచుకునేవాణ్ణి.

రెండువేల ఇరవై మూడు డిసెంబరులో బరంపురంలో ఆయనకి సన్మానం పెట్టారు. డెబ్భై ఏళ్లు, యాభై ఏళ్ల వాయిద్యం. గంటన్నర గిటారు వాయించాడు. అయ్యాక జనం శాలువాలతోనూ ఫోన్లతోనూ చుట్టుముట్టారు. అందరూ తగ్గాక ఒకావిడ వచ్చింది. ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు ఉంటాయి. ఆసుపత్రి డ్యూటీనుంచి నేరుగా వచ్చినట్టుంది, నర్సు చీర మీదే స్వెట్టరు వేసుకుంది. దణ్ణం పెట్టలేదు.

"నా పేరు సస్మిత. కొడల సింహాచలం కూతుర్ని. మీ సెయ్యి సూద్దారని వచ్చాను."

దాలయ్య రెండుచేతులూ చాపాడు. ఆమె నర్సులాగే పట్టుకుని, తిప్పి, కణుపులు నొక్కి చూసింది. తర్వాత మామూలు గొంతుతో చెప్పింది. ఆరోజు పందిరి దగ్గర వాళ్ల నాన్న కూడా ఉన్నాడట. అంతా పారిపోయాక స్టేజీ కిందకి దూరి, విరిగిన వయొలిన్ ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడట. ఆ మనిషి వాయించింది ఇంట్లో పెళ్లానికి నోటితో పాడి వినిపించడానికి చూసేవాడట, రాక నవ్వేవాడట. సెలవురోజున ఎలాగూ పని ఉండదు, సోనేపూర్ వెళ్లి ముక్కలు ఇచ్చేసి వద్దామనుకున్నాడట. పొద్దున్న బస్సు తప్పిపోయింది. సాయంత్రం బస్సుదాకా పడుకుంటానని షాపుకి వెళ్లాడు.

"మీ తమ్ముడు మా నాయన్ని సంపీసాడు," అంది. "మిమ్మల్ని తిట్టాలని సానాసార్లు అనుకున్నాను. ఈరోజు వాయించింది ఇన్నాక తిట్టబుద్ధి కాలేదు. అదే సెప్పీసి ఎల్దారని."

దాలయ్య ఆమె చేతులు వదల్లేదు. నావేపు చూడనూ లేదు. అప్పటిదాకా ప్రతిసారీ చూసినవాడు ఆరోజు చూడలేదు.

నేను సింబల్ కిందపెట్టి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. గొళ్లెం పెట్టింది నరసన్న కాదు, నేను అన్నాను. మిగతాది కూడా చెప్పాను. కర్ర, చప్పుడు, కాలిన గొళ్లెం, వాన్. ఒడియాలో మొదలెట్టి ఎప్పుడు తెలుగులోకి వచ్చానో తెలీదు.

ఆమె మొదట చెంపమీద కొట్టింది. తర్వాత రెండు చేతులతోనూ కొట్టింది. చొక్కా చిరిగింది. నా వెనకున్న డ్రమ్ములమీద పడ్డాను. ఆమె లాగి లేపి మళ్లీ కొట్టింది. హాలువాళ్లు పరిగెత్తుకొచ్చి పట్టుకోబోతే దాలయ్య చెయ్యి అడ్డంపెట్టాడు. కొట్టనీండి అన్నాడు. ఆమె అలిసిపోయి, నా చొక్కా పట్టుకునే అడిగింది.

"ఎంతసేపు కొట్టాడు తలుపు?"

"సానాసేపు, అమ్మా."

"పిలిసాడా?"

"పిలిసాడు."

ఆమె కుర్చీలో కూచుని మొహం కప్పుకుంది. లేచాక స్వెట్టరు సర్దుకుని, ఇదే పోలీసుల దగ్గర చెప్తావా అని అడిగింది. చెప్తానన్నాను. అయితే పద అంది. స్టేషనుకి ఆటోలో ముగ్గురం వెళ్లాం. మధ్యలో ఆమె, అటు దాలయ్య, ఇటు నేను. నా ముక్కునుంచి రక్తం కారుతుంటే ఆమె బ్యాగులోంచి దూది తీసి నా ఒళ్లో పడేసింది. మొహంవేపు చూడలేదు.

నాలుగునెలలు లోపలున్నాను. ఇప్పుడు బెయిలు మీద ఉన్నాను. కేసు నడుస్తోంది. ప్రతి వాయిదాకీ సస్మిత వచ్చి వెనక బెంచీమీద కూచుంటుంది. శిక్ష పడుతుందని వకీలు చెప్పాడు. నాకు అరవై ఆరేళ్లు. లోపలే పోయినా పోతాను. నరసన్న పదేళ్లు నా బదులు కూచున్నాడు కాబట్టి దాని గురించి ఫిర్యాదు చెయ్యడానికి నాకేమీ లేదు.

మొన్న ఆదివారం గోపాల్‌పూర్‌లో దాలయ్య వాయించాడు. నా స్థానంలో ఆస్కా నుంచి పింటు అనే అతన్ని పెట్టుకున్నాడు. బాగానే వాయిస్తాడు, చెయ్యి తేలిక. నేను హోటలు గోడ బయట, ఇసకలో నిలబడి విన్నాను. రెండో పాటలో అన్న దారి మార్చాడు. పింటు ఒక్క క్షణం తడబడ్డాడు, తర్వాత దొరకబుచ్చుకుని వెంటపడ్డాడు. విరామంలో దాలయ్య బయటికొచ్చి నా పక్కన నిలబడి బీడీ ముట్టించుకున్నాడు.

"పర్నేదు కదేటి, కుర్రోడు?" అని అడిగాడు.

బాగున్నాడన్నాను. ఆ మూడో పాటలో కొంచెం తొందరపడుతున్నాడు, చెప్పు అన్నాను. చెప్తానన్నాడు. బీడీ సగంలో పారేసి, ఆ వంకరచెయ్యి నా భుజంమీద ఒకసారి వేసి, లోపలికి వెళ్లాడు. వాయిద్యం మళ్లీ మొదలైంది.